ఇంటి నుంచి పని: ఆదా అయిన గంట ఎవరికి దక్కుతోంది?

ఇంటి నుంచి పని చేయడం మంచిదా, చెడ్డదా అన్న వాదన కొన్నేళ్లుగా తెగడం లేదు. పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా ఉద్యోగుల్ని ఆఫీసుకు రమ్మంటున్నాయి. అమెజాన్ అయితే 2025 జనవరి నుంచి కార్పొరేట్ ఉద్యోగులు వారానికి ఐదు రోజులూ ఆఫీసులోనే ఉండాలంది. ఆ వెసులుబాటు తీసేస్తే ఉద్యోగమే మారతామనే వాళ్లూ తక్కువేమీ లేరు. ఇరుపక్షాల దగ్గరా పరిశోధనల లెక్కలున్నాయి, రెండు వైపులవీ నిజమైన లెక్కలే. పనితీరు పెరిగిందని ఒక అధ్యయనం చెబితే, పడిపోయిందని మరొకటి చెబుతుంది. పిల్లలతో గడిపే టైమ్ దొరికిందని ఒకరంటే, ఇల్లే ఆఫీసైపోయిందని ఇంకొకరంటారు.

ఇవన్నీ ఒకేసారి ఎలా నిజమవుతాయి? ఈ చిక్కుముడి విప్పడానికి నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. ఈ రోజుకు పని అయిపోయింది అని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఎక్కడ కూర్చుని పని చేస్తున్నాం అన్నదానికన్నా ఈ ప్రశ్నకు వచ్చే జవాబే ఎక్కువ సంగతులు చెబుతుంది.

చోటు వేరు, వేళ వేరు

ముందు కొన్ని మాటలు తేల్చుకుందాం. పూర్తిగా ఆఫీసు బయటి నుంచే పని చేస్తే రిమోట్ వర్క్. కొన్ని రోజులు ఇంట్లో, కొన్ని రోజులు ఆఫీసులో అయితే హైబ్రిడ్. ఈ రెండూ చోటుకు సంబంధించినవి. పని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఉద్యోగి నిర్ణయించుకోగలిగితే దాన్ని ఫ్లెక్సిబుల్ టైమింగ్స్ అంటున్నాం. అది వేళకు సంబంధించినది.

వాదనల్లో సగం గందరగోళం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తోంది. కాల్ సెంటర్ ఉద్యోగి ఇంట్లోనే కూర్చుంటారు, కానీ లాగిన్ నుంచి లాగవుట్ దాకా ప్రతి నిమిషం సిస్టమ్‌లో నమోదవుతుంది. చోటు ఆమె ఇష్టం, వేళ మాత్రం కాదు. ఆఫీసుకే వెళ్లే ఒక డిజైనర్ మధ్యాహ్నం మూడింటికి పిల్లాణ్ని స్కూలు నుంచి తీసుకొచ్చి, మిగతా పని సాయంత్రం చేసుకోగలిగితే, ఆయన చేతిలో ఉన్నది వేళ. వీళ్లిద్దరిలో జీవితం ఎవరికి కుదురుగా ఉందో చెప్పడానికి ‘ఇంటి నుంచి పని’ అన్న ముద్ర ఒక్కటే చాలదు.

నిజానికి ఈ ఆలోచన పుట్టింది కుటుంబ జీవితం గురించి కాదు, రోడ్ల గురించి. అమెరికాలో ఇంజనీర్ జాక్ నిల్లెస్ 1973లో ‘టెలికమ్యూటింగ్’ అని పేరు పెట్టి ప్రతిపాదించినప్పుడు ఆయన్ని వేధించినవి ట్రాఫిక్, ఇంధనం. మనుషుల్ని పని దగ్గరికి తరలించే బదులు పనినే మనుషుల దగ్గరికి పంపలేమా అన్నది ఆయన ప్రశ్న. అలా చేరిన పని ఇంటి లోపల ఎంత చోటు ఆక్రమిస్తుందన్న ప్రశ్న తర్వాతి తరాలకు మిగిలింది.

ఇక వర్క్ లైఫ్ బ్యాలెన్స్. దీనర్థం పనికి ఎనిమిది గంటలు, సొంతానికి ఎనిమిది గంటలు అని తూకం వేయడం కాదు. పరిశోధకులు చూసేవి ప్రధానంగా రెండు. మొదటిది సమయం: పని పోగా ఎంత మిగిలింది? రెండోది విడుపు: పని ఆపాక మనసు కూడా పని నుంచి బయటపడిందా? ఈ రెండోదాని మీద మనస్తత్వవేత్త సబీనా సోనెన్‌టాగ్ చాలాకాలంగా పని చేస్తున్నారు. ఆమె, షార్లెట్ ఫ్రిట్జ్ కలిసి 2007లో ప్రచురించిన కొలమానంలో మనిషి తేరుకోవడానికి నాలుగు సంగతులు లెక్కలోకి తీసుకున్నారు. పని ఆలోచనల నుంచి విడివడటం, సేదతీరడం, కొత్తది నేర్చుకుంటూ పట్టు సాధించడం, ఖాళీ సమయం మీద తనకే అదుపు ఉండటం. సోఫాలో కూర్చున్నా రేపటి మీటింగే తలలో తిరుగుతుంటే సమయం మిగిలినట్టే, విడుపు మాత్రం దొరకనట్టు.

72 నిమిషాలు ఎటు పోయాయి?

ఇంటి నుంచి పని వల్ల ఖాయంగా మిగిలేది ప్రయాణ సమయం. అది ఎంత, ఎటు పోయింది అన్నది 27 దేశాల్లో 2021, 2022 సంవత్సరాల్లో చేసిన సర్వేల ఆధారంగా ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఇంటి నుంచి పని చేసిన రోజు సగటున 72 నిమిషాలు ఆదా అయ్యాయి. అందులో 40 శాతం మళ్లీ ఉద్యోగ పనికే పోయింది. 34 శాతం విశ్రాంతికీ వినోదానికీ, 11 శాతం పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడానికీ వెళ్లింది.

శాతాలను నిమిషాల్లోకి మారిస్తే బొమ్మ స్పష్టమవుతుంది. 72లో 40 శాతం అంటే దాదాపు 29 నిమిషాలు. సొంత విశ్రాంతికి 24 నిమిషాలు, ఇంటివాళ్ల సంరక్షణకు 8 నిమిషాలు. వారానికి ఐదు రోజులు ఇంటి నుంచే పని చేసే వ్యక్తి ఈ సగటులోనే ఉన్నారనుకుంటే, కంపెనీకి వారానికి 2 గంటల 25 నిమిషాలు అదనంగా అందింది.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. సగానికి పైగా సమయం ఉద్యోగికే మిగిలింది గదా, అది లాభమే అనొచ్చు. నిజమే, రోజూ ఇరవై నాలుగు నిమిషాల విశ్రాంతి చిన్న సంగతేమీ కాదు. కానీ సొంత ఖర్చుతో, సొంత ఓపికతో చేసిన ప్రయాణం ఆగిపోతే, అందులో అతి పెద్ద వాటా పనికే వెళ్లిందన్నది కూడా అంతే నిజం. ఎవరైనా అడిగి ఇప్పించారా, ఉద్యోగి తనంతట తానే ఇచ్చారా అన్నది ఈ సగటు అంకె చెప్పదు. అసలు తెలుసుకోవలసింది అక్కడే ఉంది.

రోజు సాగింది, పని గంటలు పెరిగాయా?

2020లో మొదటి లాక్‌డౌన్ల సమయంలో జరిగిన మరో అధ్యయనం తరచూ వాదనల్లోకి వస్తుంది. 16 మహానగర ప్రాంతాల్లోని 21 వేలకు పైగా సంస్థల్లో, 31 లక్షల మంది ఈమెయిళ్లు, మీటింగ్‌ల సమాచారాన్ని పేర్లు లేకుండా పరిశీలించారు. పనిరోజు సగటున 48.5 నిమిషాలు పెరిగిందని తేలింది. మీటింగ్‌ల సంఖ్య 12.9 శాతం పెరిగింది. ఒక్కో మీటింగ్ నిడివి మాత్రం 20.1 శాతం తగ్గింది. వెరసి మీటింగ్‌లలో గడిపిన మొత్తం సమయం 11.5 శాతం తగ్గింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ అధ్యయనంలో పనిరోజు అంటే మొదటి మెయిల్ లేదా మీటింగ్ మొదలుకుని చివరిదాని దాకా ఉన్న వ్యవధి. మధ్యలో ఎంతసేపు పని చేశారన్నది ఇందులో లేదు. ఈ తేడా ఎంత పెద్దదో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక ఉద్యోగి ఉదయం 9కి మొదలుపెట్టి, మధ్యలో గంట విరామం తీసుకుని, సాయంత్రం 6కి ఆపేస్తారు. పని 8 గంటలు, రోజు పొడవు 9 గంటలు. ఆమె సహోద్యోగి ఉదయం 8కి మొదలుపెట్టి 12కి ఆపుతారు, మళ్లీ 3 నుంచి 6 దాకా, రాత్రి 9 నుంచి 10 దాకా చేస్తారు. ఆయనదీ 8 గంటల పనే. కానీ రోజు పొడవు 14 గంటలు.

మధ్యాహ్నం మూడు గంటలు మంచాన ఉన్న తండ్రి కోసం ఆయనే ఎంచుకుని ఉంటే, ఈ 14 గంటల రోజు ఆయనకు వరం. ఆఫీసు ఉద్యోగంలో ఆ మూడు గంటలు ఎప్పటికీ దొరికేవి కావు. అదే మూడు గంటలు మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య ఊరికే పోయి, రాత్రి 9కి తప్పనిసరిగా లాగిన్ అవ్వాల్సి వస్తే? మధ్యాహ్నం ఎటూ వెళ్లలేరు, రాత్రి నిశ్చింతగా కూర్చోలేరు. క్యాలెండర్‌లో చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

రాత్రి 8:40కి వచ్చిన మెసేజ్

పనికీ ఇంటికీ మధ్య గీత ఎలా చెరిగిపోతుందో దగ్గరి నుంచి చూద్దాం. ఒక మేనేజర్ సాయంత్రమంతా పిల్లలతో గడిపి, వాళ్లు పడుకున్నాక రాత్రి 8:40కి ల్యాప్‌టాప్ తెరిచారు. గుర్తున్నప్పుడే అనేద్దామని టీమ్‌లో ఒకరికి మెసేజ్ పెట్టారు: ‘రేపటి రిపోర్టులో రెండో టేబుల్ ఒకసారి చూస్తారా?’ ఆమె లెక్కలో అది రేపటి పని.

అందుకున్న వ్యక్తి భోజనం దగ్గర ఫోన్ చూశారు. రాత్రిపూట మేనేజర్ పంపారంటే అర్జెంటే అయి ఉంటుందనుకున్నారు. గబగబా ముగించి లేచి, ఇరవై నిమిషాలు టేబుల్ సరిచేసి, ‘అయిపోయిందండీ’ అని జవాబిచ్చారు. మేనేజర్‌కు ఇందులో అర్థమైంది ఒక్కటే: ఈయన ఈ టైమ్‌లో అందుబాటులో ఉంటారు. మర్నాడు రాత్రి 9 గంటలకు ఇంకో మెసేజ్ వచ్చింది. వారం తిరిగేసరికి అది ఆ టీమ్ అలవాటైంది. ఎవరూ ఆదేశించలేదు, ఎవరూ ఒప్పుకోనూలేదు.

లారా జుర్జ్, వెనెస్సా బాన్స్ అనే పరిశోధకులు 2021లో ఈ తప్పు అంచనానే ప్రయోగాలతో చూపించారు. పనివేళలు దాటాక వచ్చిన, తొందరలేని మెయిల్‌కు పంపినవారు ఎంత త్వరగా జవాబు ఆశిస్తున్నారో, అందుకున్నవాళ్లు దాన్ని మరీ ఎక్కువగా ఊహించుకుంటారు. ఆ ఊహ ఒత్తిడిగా మారుతుంది. జవాబుకు తొందర లేదని పంపినవారే ఒక్క వాక్యం చేరిస్తే ఈ అంతరం తగ్గుతుందని కూడా వాళ్లు చూశారు.

దీనికి ముందే, 2013లో, మెలిసా మజ్మానియన్, వాండా ఒర్లికోవ్‌స్కీ, జోఆన్ యేట్స్ ఇంకో లోతైన సంగతి రాశారు. మొబైల్ ఈమెయిల్ వాడే నిపుణుల్ని గమనిస్తే, ప్రతి ఒక్కరూ ఎక్కడి నుంచైనా, ఎప్పుడైనా పని చేయగలగడం తమకు స్వేచ్ఛనిచ్చిందనే చెప్పారు. కానీ అందరూ ఆ స్వేచ్ఛను వాడుకుంటున్నకొద్దీ, అందరూ ఎప్పుడూ అందుబాటులో ఉండాలని ఆశించడం పెరిగింది. చివరికి పని నుంచి తప్పుకునే వీలు తగ్గిపోయింది. ఒక్కొక్కరి స్వేచ్ఛ కలిసి అందరి కట్టుబాటుగా మారిందన్నమాట. ‘నీ టైమ్ నువ్వు మేనేజ్ చేసుకోవాలి’ అని ఉద్యోగికి చెప్పే సలహా ఎందుకు చాలదో ఇక్కడ తెలుస్తుంది. ఒక్కరు ఫోన్ పక్కన పెట్టినా, టీమ్ అలవాటు మారకపోతే ఆ ఒక్కరే వెనకబడ్డట్టు కనిపిస్తారు.

అయితే అందరికీ గీత గట్టిగా ఉండాలని లేదు. పనినీ ఇంటినీ పూర్తిగా వేరుగా ఉంచుకుంటేనే ప్రశాంతంగా ఉండేవాళ్లు కొందరు, రెండూ కలగలిసిపోయినా హాయిగా ఉండేవాళ్లు కొందరు అని సామాజిక శాస్త్రవేత్త క్రిస్టెనా నిప్పెర్ట్-ఎంగ్ 1990లలోనే వర్ణించారు. ఇద్దరి మధ్యా తప్పొప్పులేమీ లేవు. రెండో రకం మేనేజర్ కింద మొదటి రకం ఉద్యోగి పని చేస్తున్నప్పుడే చిక్కొస్తుంది.

ఒక ప్రయోగంలో 13 శాతం లాభం, మరో ప్రయోగంలో 18 శాతం నష్టం

పనితీరు లెక్కల్లో ఎక్కువగా వినిపించేది చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్‌లో జరిగిన ప్రయోగం. ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్ బృందం దాన్ని 2015లో ప్రచురించింది. కాల్ సెంటర్ ఉద్యోగుల్లో ముందుకొచ్చినవాళ్ల నుంచి ఎవరు ఇంట్లో, ఎవరు ఆఫీసులో అన్నది పుట్టినతేదీ సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్నిబట్టి విడదీసి, తొమ్మిది నెలలు గమనించారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు.

ఈ 13 శాతాన్ని విడదీసి చూస్తే అసలు కథ మొదలవుతుంది. అందులో 4 శాతమే నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల వచ్చింది. ఇంట్లో గోల తక్కువ కాబట్టి అది సాధ్యమైందని పరిశోధకుల వివరణ. మిగతా 9 శాతం షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల, అంటే విరామాలూ సిక్ లీవులూ తగ్గడం వల్ల వచ్చింది. రోడ్డెక్కే బాధ తప్పి ఆరోగ్యం బాగుపడిందని దీన్ని చదవొచ్చు. జ్వరంతోనే లాగిన్ అయ్యారనీ చదవొచ్చు. పనితీరు పట్టికలో ఈ రెండింటికీ ఒకటే అంకె. ఉద్యోగులు మాత్రం తృప్తి పెరిగిందనే చెప్పారు. ఆ మాటను కొట్టిపారేయడం న్యాయం కాదు.

మరో సంగతి కూడా ఉంది. అంతే పనితీరు చూపినా, ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్లు తగ్గాయి. ప్రయోగం ముగిశాక ఇల్లో ఆఫీసో మళ్లీ ఎంచుకోమంటే, సగానికి పైగా మంది తమ పాత ఎంపికను మార్చుకున్నారు. ఒంటరితనం ఒక ముఖ్య కారణం. ఇలా ఎవరికి నప్పిన చోటికి వాళ్లు చేరాక లాభం 22 శాతానికి పెరిగింది.

ఇప్పుడు దీని పక్కన చెన్నైలో జరిగిన ప్రయోగాన్ని పెట్టి చూడండి. డేవిడ్ ఆట్కిన్, ఆంటొనెట్ షోర్, సుమిత్ షిండే డేటా ఎంట్రీ ఉద్యోగుల్ని లాటరీ పద్ధతిలో ఇంటికీ ఆఫీసుకూ కేటాయించారు. ఇంటి నుంచి చేసినవాళ్ల ఉత్పాదకత 18 శాతం తక్కువ. అందులో మూడింట రెండొంతుల తేడా మొదటి రోజు నుంచే ఉంది. మిగతాది ఆఫీసులో ఉన్నవాళ్లు పని త్వరగా నేర్చుకోవడం వల్ల వచ్చింది.

రెండూ కట్టుదిట్టమైన ప్రయోగాలే. మరి ఇంత తేడా ఎందుకు? సీట్రిప్‌లో ఉన్నవాళ్లకు అప్పటికే అనుభవం ఉంది, ఇంట్లో పనికి విడిగా గది ఉండాలన్నది షరతు, వారంలో ఒక రోజు ఆఫీసుకూ వచ్చేవారు. చెన్నైలో కొత్తగా చేరినవాళ్లు, నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు. ‘ఇల్లు’ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పరిస్థితులున్నాయి. విడిగా గది ఉండి తలుపు వేసుకోగలిగిన మనిషికీ, నలుగురూ తిరిగే హాల్లో ఒక మూల కుర్చీ వేసుకున్న మనిషికీ ఒకే ఫలితం రావాలనుకోవడం సరికాదు. ఆ నలుగురి అవసరాలూ చూసే బాధ్యత ఎవరిదన్నది కూడా లెక్కలోకి రావాలి. చాలా ఇళ్లలో అది ఆడవాళ్లదే. ఇంట్లో ఉన్నావు కదా అన్న ఒక్క మాటతో పనివేళలోకి ఇంటి పని దూరిపోతుంది, ఇంటి వేళలోకి ఆఫీసు పని చేరిపోతుంది.

కొత్తవాళ్లు కోల్పోయేది

ఆఫీసుకు రమ్మనేవాళ్ల వాదనలో బలమైన భాగం ఇదే అని నాకనిపిస్తుంది. నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలైస్ ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పరిశీలించారు. టీమ్ అంతా ఒకే భవనంలో కూర్చుంటే ఒకరి కోడ్ మీద ఇంకొకరి సూచనలు ఎక్కువగా వచ్చాయి. ఎక్కువ మేలు పొందింది జూనియర్లు, అందులోనూ యువతులు. ఆ నేర్పించే భారం మోసింది సీనియర్లు, వాళ్ల సొంత పని కాస్త తగ్గింది. సీనియర్లు ఇంటినీ కంపెనీలు ఆఫీసునూ ఎందుకు కోరుకుంటున్నాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. సీనియర్‌కు ఇంట్లో దొరికిన ప్రశాంతతలో కొంత, జూనియర్‌కు దొరకని మార్గదర్శనం నుంచి వచ్చిందే.

మైక్రోసాఫ్ట్‌లో 2020 తొలి ఆరు నెలల్లో 61,182 మంది అమెరికా ఉద్యోగుల సంభాషణ తీరును పరిశీలించినా ఇదే దిశలో ఫలితం వచ్చింది. అందరూ రిమోట్‌కు మారాక సొంత గుంపుల్లో మాటలు చిక్కబడ్డాయి, గుంపుల మధ్య వంతెనలు తగ్గాయి. ఆ లోటు పూడ్చడానికి వీడియో కాల్స్ పెంచితే అలసట పెరుగుతుంది. మరీ దగ్గరగా ఎదుటివారి చూపులు, తన ముఖాన్ని తానే గంటల తరబడి చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం, హావభావాలు పట్టుకోవడానికి పడే ప్రయాస అని 2021లో జెరెమీ బెయిలెన్‌సన్ దానికి నాలుగు కారణాలు చెప్పారు.

హైబ్రిడ్‌తో తీరేదెంత?

బ్లూమ్ బృందమే సీట్రిప్ సంస్థలోనే 1,612 మందితో చేసిన మరో ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసిన వర్గంలో ఉద్యోగం మానేసేవాళ్లు మూడింట ఒక వంతు తగ్గారు. తర్వాతి రెండేళ్ల అప్రైజల్స్‌లో, ప్రమోషన్లలో తేడా ఏమీ కనబడలేదు. ఎక్కువ మేలు పొందింది మేనేజర్లు కానివాళ్లు, మహిళలు, దూర ప్రయాణం చేసేవాళ్లు. ముందు ఇది ఉత్పాదకతను తగ్గిస్తుందనుకున్న మేనేజర్లు, చూశాక సగటున మనసు మార్చుకున్నారు.

ఇప్పటిదాకా ఉన్న ఆధారాల్లో మధ్యేమార్గానికి ఇది గట్టి మద్దతు. కానీ రాత్రి 8:40 మెసేజ్‌కు హైబ్రిడ్ జవాబు కాదు. ఆఫీసుకు వెళ్లొచ్చిన రోజు కూడా ఫోన్ జేబులోనే ఉంటుంది.

చట్టాలు గీసిన గీతలు

ఎక్కువ గంటల పని ఆరోగ్యాన్ని తాకుతుందన్నదానికి గట్టి ఆధారముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వేసిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు పని చేసేవారితో పోలిస్తే 55 గంటలు లేదా అంతకు మించి చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ముగింపు వేళ లేని పనిలో ఆ 55 గంటలు దాటామన్న సంగతి ఎవరూ లెక్కపెట్టరు.

అందుకే కొన్ని దేశాలు చట్టం తెచ్చాయి, దారులు మాత్రం వేరు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి 50 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థలు పనివేళల తర్వాత డిజిటల్ పరికరాల వాడకంపై ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించి నియమాలు పెట్టుకోవాలి. పోర్చుగల్ 2021 చివర్లో చేసిన చట్టం బాధ్యతను యజమాని మీదే పెట్టింది. అత్యవసర పరిస్థితిలో తప్ప విశ్రాంతి వేళల్లో ఉద్యోగిని సంప్రదించకూడదు. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26న మొదలై, ఏడాది తర్వాత చిన్న సంస్థలకూ వర్తించిన నియమం ఉద్యోగికి హక్కునిచ్చింది. మేనేజర్ మెసేజ్ పంపొచ్చు, కానీ పనివేళలు కానప్పుడు దాన్ని చూడకపోయినా, జవాబివ్వకపోయినా తప్పు కాదు. ఆ నిరాకరణ అసమంజసం అయితే మాత్రం చెల్లదు. ఎందుకు సంప్రదించారు, ఎంత ఇబ్బంది కలిగింది, అదనపు సమయానికి డబ్బు ఇస్తున్నారా, ఆ ఉద్యోగి హోదా ఏమిటి, ఇంట్లో చూసుకోవలసినవాళ్లున్నారా అన్నవన్నీ చూసి తేల్చాలి.

ఈ మూడింటిలో ఆస్ట్రేలియా దారి నాకు వాస్తవానికి దగ్గరగా అనిపిస్తుంది. రాత్రిపూటే పని చేసుకునే వెసులుబాటు కావలసిన ఆ మేనేజర్‌ను అది ఆపదు. భోజనం దగ్గర కూర్చున్న ఉద్యోగిని లేపదు కూడా. మూడు టైమ్ జోన్లలో విస్తరించిన టీమ్‌లకు ఏ గంటకు పంపాలన్న నిషేధం కన్నా ఇదే పనికొస్తుంది. దీనికీ ఒక హద్దుంది. పనివేళలు ఏవో ముందే రాసి ఉంటేనే వాటి తర్వాత అన్న మాటకు అర్థం. ఒక్కో పనికింత అని డబ్బు తీసుకునే ఫ్రీలాన్సర్లకు అలాంటి వేళలు ఉండవు. కాంట్రాక్టులో పనివేళల దగ్గర ‘అవసరాన్ని బట్టి’ అని రాసి ఉన్న ఉద్యోగికి, ఏ గంట పనిది, ఏ గంట తనది అన్నది మేనేజర్ చేతిలోనే ఉండిపోతుంది.